స్లిప్ స్టిచ్ శాలువాకు దారం, రంగులు ఎంచుకోవడం ఎట్లా

స్లిప్ స్టిచ్ అంటే కొన్ని కుట్లు అల్లకుండా జరుపుతూ రెండు రంగులతో డిజైన్ తెప్పించే అల్లిక. మా అమ్మాయికి నేను అల్లిన మొదటి స్లిప్ స్టిచ్ శాలువా ఆకుపచ్చ, మిరపపండు ఎరుపు. పట్టుచీరకు ఆ జత ఎంత నిండుగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నా పెళ్లిచీరే ఆకుపచ్చకు ఎర్రంచు. నలభై రోజులు కూర్చుని అల్లాను. అమ్మాయి వీడియో కాల్‌లో కప్పుకుని చూపిస్తూ, "డిజైన్ వేశానన్నావు, ఏదమ్మా?" అంది. ఫోను దగ్గరికి పెట్టమన్నాను. దగ్గరికి పెడితే డిజైన్ ఉంది. రెండడుగులు వెనక్కి జరిగితే అంతా కలిసిపోయి పాత చింతపండు రంగు దుప్పటి.

అల్లికలో తప్పేమీ లేదు. చీరలో బాడీ జాగా బాడీది, అంచు జాగా అంచుది. జానెడు వెడల్పున ఎరుపు పరుచుకుని ఉంటుంది కాబట్టి కంటికి ఎరుపుగానే కనిపిస్తుంది. స్లిప్ స్టిచ్‌లో రెండు రంగులూ కుట్టు పక్కన కుట్టుగా ఉంటాయి. దూరం నుంచి చూసే కన్ను వాటిని విడదీయలేక కలిపేస్తుంది. విడదీయాలంటే ఒకటి ముదురు, ఒకటి లేత అయి ఉండాలి. నా ఎరుపు, నా ఆకుపచ్చ రెండూ ఒకే ముదురు. ఆ తర్వాత ఎన్నో అల్లాను కానీ, కొట్లో దారం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ముందు గుర్తొచ్చేది ఆ శాలువానే.

నేను అల్లిక నేర్చుకున్నది ఇక్కడ కాదు. మావారు మిలిటరీలో ఉండగా జలంధర్ క్వార్టర్స్‌లో ఆరు చలికాలాలు గడిపాం. పక్కింటి పంజాబీ ఆంటీ వరండాలో ఎండకు కూర్చుని కబుర్లు చెబుతూనే స్వెట్టర్ చంకల దాకా తెచ్చేసేది. లూధియానా దగ్గరే కాబట్టి ఊలుకు కొదవ లేదు. కావలికి వచ్చి స్థిరపడ్డాక చూస్తే, మన దగ్గర ఉలన్ దారమంటే గుమ్మానికి తోరణం, టీవీ మీద కప్పే గుడ్డ, అంతే. శాలువా అల్లుతున్నానంటే మా ఆడబిడ్డ, "ఏంది వదినా, ఈ ఎండల్లో ఎవరికి కప్పుతావు?" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ బోగీ ఎక్కి రాత్రంతా వణికింది కూడా తనే. ధనుర్మాసంలో తెల్లవారకముందే తిరుమల క్యూలో నిలబడే వాళ్లకూ, పిల్లలు చలి దేశాల్లో ఉన్న వాళ్లకూ నేనేమీ చెప్పక్కర్లేదు.

ముందు ఈ కుట్టు సంగతి

ఇది రెండు సూదుల నిట్టింగ్‌లో కుట్టు. క్రోషాలో ఇదే పేరుతో ఉన్న కుట్టు వేరు, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఒక వరసలో ఒక్క దారమే చేతిలో ఉంటుంది. రెండో రంగు కుట్టు ఎదురైతే దాన్ని అల్లకుండా ఎడమ సూది మీద నుంచి కుడి సూది మీదికి జరిపేస్తాం. పర్ల్, అంటే ఉల్టా కుట్టు, అల్లబోతున్నట్టు సూది దూర్చి జరపాలి, లేకపోతే కుట్టు మెలిపడుతుంది. దారం ఎప్పుడూ బట్ట వెనకవైపే నడవాలి. అంటే ముందువైపు అల్లేటప్పుడు మనకు అవతల, తిరగేసి అల్లేటప్పుడు మనకు ఇవతల. ఒక్కో రంగుతో రెండేసి వరసలు వేసి మార్చుకుంటూ పోతే, చూసేవాళ్లకు రెండు దారాలు ఒకేసారి పట్టుకుని అల్లినట్టు ఉంటుంది. పని మాత్రం చారల స్వెట్టర్ అల్లినంత తేలిక.

జరిపిన కుట్టు కింద నుంచి సాగి, రెండు వరసల ఎత్తున పైకి లేచి నిలబడుతుంది. దారం ఎంపిక మొత్తం ఈ సాగడం మీదే ఆధారపడి ఉంది. సాగే గుణం లేని దారమైతే ఆ కుట్టు పక్కవాటిని లాగేస్తుంది, బట్ట ముడతలు పడుతుంది. సాగినా సరే, బట్ట మామూలు అల్లిక కంటే దిట్టంగా, ఎత్తు తక్కువగా వస్తుంది. అందుకే లేబుల్ మీద రాసిన సూది కంటే ఒక సైజు, శాలువాకైతే రెండు సైజులు లావు సూది తీసుకోండి. మన కొట్లలో దొరికే సూదుల మీద చాలావాటికి పాత ఇంగ్లండు నంబర్లు ఉంటాయి. ఎనిమిదో నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, ఏడు అంటే 4.5, ఆరు అంటే 5. నంబరు తగ్గేకొద్దీ సూది లావు. నేను జలంధర్‌లో మొదటిసారి కొన్నప్పుడు తిరగేసి అర్థం చేసుకుని, స్వెట్టర్‌కు బదులు గోనెపట్టా అల్లాను.

ఏ దారం

మన నెల్లూరు గొర్రెల మందలు రోడ్డుకడ్డం వచ్చినప్పుడల్లా ఎదురింటి అమ్మాయి అడుగుతుంటుంది, "పిన్నమ్మా, ఇన్ని గొర్రెలుండగా ఊలు బయటినించి ఎందుకు తెప్పిస్తావు?" అని. నెల్లూరు గొర్రెకు ఊలు రాదు. దాని ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుక. ఈ ఎండకు అదే నయం దానికి. మనకు మాత్రం బయటి ఊలే గతి.

స్లిప్ స్టిచ్‌కు అన్నిటికంటే అనువైనది మూడు నాలుగు పోగులు కలిపి గట్టిగా పేనిన గుండ్రటి ఊలు. కుట్టు కుట్టుగా విడిగా కనిపిస్తుంది, సాగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. ఒంటిపోగు దారం చేతికి మెత్తగా ఉంటుంది కానీ నాలుగు రోజులు కప్పుకునేసరికి ఉండలు కడుతుంది. మొహైర్ లాంటి నూగు దారాలను ఈ పనికి దూరంగా పెట్టండి. ముదురు రంగు నూగు వెళ్లి లేత కుట్ల మీద పడితే, ఎంత మంచి జత ఎంచుకున్నా డిజైన్ మసకబారిపోతుంది.

మన ఊళ్లలో సులువుగా దొరికేది అక్రిలిక్, అంటే కృత్రిమ దారం. దాన్ని చిన్నచూపు చూడను. మెషిన్‌లో ఉతికేయొచ్చు, పురుగు పట్టదు, కాస్త సాగుతుంది కూడా. ఒక్కటే జాగ్రత్త, ఇస్త్రీపెట్టె తగలనివ్వకండి. వేడికి దారం చచ్చుబడి జీవం లేకుండా వేలాడుతుంది, తిరిగి బాగుచేయలేం. లేబుల్ ఊడిపోయిన ఉండ ఏదైనా ఉంటే బెత్తెడు ముక్క కత్తిరించి, పళ్లెంలో పెట్టి అగ్గిపుల్ల అంటించి చూడండి. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయిపోతుంది. అక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. నూలైతే కాగితం కాలిన వాసన.

నూలు దారం మన వాతావరణానికి హాయి. కానీ సాగదు. స్లిప్ స్టిచ్‌కు వాడాలంటే డిజైన్‌లో పక్కపక్కన ఒక్క కుట్టు కంటే ఎక్కువ జరపనిదీ, మధ్యమధ్య మామూలు వరసలు ఉండేదీ ఎంచుకోండి. నూలూ అక్రిలిక్కూ కలిసిన దారం దొరికితే ఇంకా మంచిది.

లావు విషయానికొస్తే, శాలువాకు సన్న దారం, మెడపట్టీకి, అంటే కౌల్‌కు, కాస్త లావు దారం. సన్నదంటే 100 గ్రాములకు సుమారు 400 మీటర్లు వచ్చేది, నాలుగు ప్లై అంటారు. కౌల్‌కు డీకే దారం, 100 గ్రాములకు 200 నుంచి 250 మీటర్లు. శాలువా భుజం మీద నుంచి జారుతూ వాలాలి. దిట్టమైన కుట్టుకు లావు దారం తోడైతే అది శాలువా కాదు, కాలు తుడుచుకునే పట్టా. కౌల్ కొంచెం నిటారుగా నిలిచినా పరవాలేదు. కానీ మెడకు గుచ్చుకోకూడదు. కొట్లో దారాన్ని చేత్తో నలిపి మెత్తగా ఉందనుకుంటే మోసపోతాం, వంట చేసే చేతులకు ఏం తెలుస్తుంది. చెవి కింద, మెడ మీద ఒక నిమిషం ఆనించుకోండి. కొట్టువాడు వింతగా చూస్తాడు, చూడనీయండి.

రెండు రంగులూ ఒకే రకం దారం, ఒకే లావు ఉండాలి. నేనొకసారి ఇంట్లో మిగిలిన అసలు ఊలుతో అక్రిలిక్ కలిపాను. అల్లినంతసేపూ బాగుంది. వేడినీళ్లు తగలగానే ఊలు ముడుచుకుంది, అక్రిలిక్ అట్లాగే ఉంది. మెడపట్టీ కాస్తా కాకరకాయ చర్మంలా తేలింది.

లేబుల్ మీద డై లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు, చూసి, కావలసిన దారమంతా ఒకేసారి కొనండి. స్లిప్ స్టిచ్ మామూలు అల్లిక కంటే ఎక్కువ దారం తింటుంది. సాదా శాలువాకు 250 గ్రాములు పట్టిన చోట నాకు 300 పట్టింది. మధ్యలో అయిపోయి వేరే లాట్ తేవాల్సి వస్తే, పాత ఉండ, కొత్త ఉండ రెండేసి వరసల చొప్పున మార్చుకుంటూ అల్లితే తేడా ఒకేచోట గీత గీసినట్టు కనపడదు.

రంగులు

మనవాళ్లకు రంగులు తెలియక కాదు. ఉల్లిపొర రంగు, గంధం, ముక్కుపొడి, వంగపండు, కనకాంబరం, బచ్చలిపండు, కాఫీపొడి... చీరల కొట్లో కూర్చుంటే ఇన్ని పేర్లు గడగడా చెబుతాం. కానీ అవన్నీ పేర్లే. స్లిప్ స్టిచ్‌కు పేరు తర్వాత, ముందు ముదురా లేతా అన్నది తేల్చుకోవాలి. ఇది కంటితో తేల్చడం కష్టం, ఎందుకంటే ఎరుపు, నారింజ లాంటివి కేకపెట్టి కన్నును లాగేసుకుంటాయి. మిరపపండు ఎరుపు లేతగా వెలుగుతున్నట్టు అనిపిస్తుంది, నిజానికది బాగా ముదురు.

ఫోను ఉంది కదా. రెండు ఉండలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఒకటి బూడిదగా, ఒకటి దాదాపు తెల్లగా కనిపిస్తే కొనేయొచ్చు. రెండూ ఒకే బూడిద అయితే ఎంత ముచ్చటపడినా వదిలేయండి. నా ఆకుపచ్చ ఎరుపు శాలువా ఫొటోను తర్వాతెప్పుడో ఇట్లా మార్చి చూశాను. ఏది ఏదో నాకే తెలియలేదు.

ఇంకో పరీక్ష. రెండు దారాల కొసలు కలిపి జడలా మెలిపెట్టి, చెయ్యి చాపి దూరంగా పట్టుకోండి. గుడి గోడ మీద సున్నం, జేగురు పట్టెల్లా విడివిడిగా కనిపిస్తే సరే. కలిసిపోయి మూడో రంగు పుడితే డిజైన్ నిలవదు. ఇవన్నీ కొట్లో ట్యూబ్‌లైటు కింద కాదు, మెట్ల మీదికొచ్చి పగటి వెలుతురులో చూడాలి. నేవీ బ్లూ అని తెచ్చుకున్నది ఇంటికొచ్చాక నలుపని తేలిన సందర్భాలు నాకు రెండున్నాయి.

జతలు కావాలంటే మన చుట్టూ చూసినా చాలు. నెల్లూరు గొర్రెల్లో జోడిపి అని ఒక రకం ఉంది. ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్లమచ్చలు. తెలుపు నేల మీద అక్కడక్కడా నల్ల కుట్టు జరుపుతూ ఒక కౌల్ అల్లి దానికి జోడిపి అనే పేరు పెట్టాను. మా మనవడికి అదే ఇష్టం. చీమకుర్తి నల్ల గెలాక్సీ రాయి చూశారా, నలుపులో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. నలుపు అడుగున ఆవపొడి పసుపుతో నాలుగు కుట్లకొకటి వేస్తే అచ్చం అదే. ఒంగోలు గిత్త తెలుపు, దాని మూపురం మీది బూడిద రంగు శాలువాకు ఎంతో హుందాగా ఉంటాయి. కాకపోతే ఆ బూడిదను బాగా ముదురుగా తీసుకోవాలి.

పనికిరాని జతలు కూడా మన పొలాల్లోనే ఉన్నాయి. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడికి ఆరబెట్టే గదిలో, పదునుపడిన ఆకు పసుపు, గోధుమ, ఇటుక రంగులు పక్కపక్కన ఎంతో ఇంపుగా ఉంటాయి. మూడూ తెచ్చి అల్లితే డిజైన్ కనపడదు, మధ్యలో ముదురు కాఫీ రంగు పడితే తప్ప. మూడు రంగులు వాడాలనుకున్నప్పుడు ఒకటి బాగా ముదురు, ఒకటి బాగా లేత ఉంచుకుని, మధ్యరకాన్ని అక్కడక్కడా మాత్రమే వాడండి.

ఏ రంగుతో డిజైన్, ఏ రంగుతో నేల? జరిపిన కుట్టు పైకి లేచి నిలబడుతుందని చెప్పాను కదా, కన్ను దాని మీదికే పోతుంది. ముచ్చటైన రంగు అటు వేయండి. ఎక్కువమందికి నప్పేది ముదురు నేల, లేత పువ్వు. మాసినా తెలియదు. మా అమ్మ మాత్రం లేత నేలే కావాలంటుంది, ముదురైతే కళ్లజోడు పెట్టుకున్నా ఏ కుట్టు ఏదో కనపడదని. ఎనభై దాటిన కళ్లకు అది న్యాయమే. మీరు కూడా మొదటిసారి నలుపుతో మొదలుపెట్టకండి.

ఒకే ఉండలో రంగులు మారే దారం చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. స్లిప్ స్టిచ్ దానికి మంచి చోటే, చారలుగా పేరుకోకుండా రంగులను చిన్నచిన్న చుక్కలుగా విడగొడుతుంది. దాని జతకు ఒకే రంగు దారం తీసుకోండి, అందులోని ఏ రంగుతోనూ ముదురులో కలవనిది. నా మరదలు నీలం నుంచి ఆకాశం రంగు మీదుగా తెలుపులోకి పోయే దారానికి తెలుపు జత చేసింది. ఒక కొసన డిజైన్ అద్దంలా ఉంది, మధ్యకొచ్చేసరికి పల్చబడింది, చివరి మూర పూర్తిగా మాయం. అదే దారానికి నలుపు జత చేసి ఉంటే నీలం కొసన మాయమయ్యేది. రంగులు మారే దారం ఆ కొస నుంచి ఈ కొస దాకా అంతా లేతగానో అంతా ముదురుగానో ఉంటే తప్ప దీనికి విరుగుడు లేదు.

డిజైన్ కనపడకపోయినా ఫరవాలేదు, రంగులు కలవడమే కావాలంటే లినెన్ స్టిచ్ ఉంది. ఒక కుట్టు అల్లి, ఒక కుట్టును దారం ముందుకు తెచ్చి జరిపి, తర్వాతి వరసలో అటుదిటు చేస్తారు. నేసిన బట్టలా వస్తుంది. పాటూరు మగ్గం మీద పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నెమలికంఠం మెరుపు తెప్పించినట్టే ఇదీ. అక్కడ నా ఆకుపచ్చ, ఎరుపు కూడా బతికిపోయేవి. దీనికి సూది మాత్రం రెండు మూడు సైజులు పెంచాలి, లేకపోతే అట్ట అల్లినట్టు ఉంటుంది.

కొన్నాక, అల్లే ముందు

ఎరుపు, మెరూన్, ముదురు నీలం కొంటే ఒక బారెడు కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో తడిపి, తెల్ల గుడ్డలో చుట్టి పిండండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారాన్ని తెలుపు పక్కన పెట్టకండి. తోరణానికి వాడుకోండి.

ముప్ఫై కుట్లు, నలభై వరసల నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కొలవండి. బద్ధకించే పని ఇదొక్కటే, నాకూ బద్ధకమే. కానీ రంగుల జత తప్పని తేలేది ఇక్కడే, మూడు గంటల పనిలో. ముక్కను తిరగేసి వెనక దారాలు చూడండి. వరసగా మూడు కుట్ల కంటే ఎక్కువ జరిపితే ఆ పొడుగు దారాలు గాజులకూ తాళిబొట్టు గొలుసుకూ తగులుకుంటాయి.

మొదటి కౌల్‌గా ఇటుకగోడ అల్లమంటాను. డీకే దారం ముదురు 100 గ్రాములు, లేత 100 గ్రాములు కొంటే మిగులుతుంది కూడా. 4.5 మిల్లీమీటర్ల గుండ్రటి సూది, అంటే రెండు సూది మొనలను తీగతో కలిపినది, 40 సెంటీమీటర్లది. లేతతో 120 కుట్లు వేసుకుని, మెలిపడకుండా కలిపి, అంచు చుట్టుకోకుండా ఒక నిట్ (సీదా కుట్టు), ఒక పర్ల్ చొప్పున ఆరు చుట్లు. తర్వాత లేతతో రెండు చుట్లు మామూలు నిట్. ముదురుతో రెండు చుట్లు, మూడు నిట్, ఒకటి జరుపు. మళ్లీ లేతతో రెండు చుట్లు నిట్. ముదురుతో రెండు చుట్లు, ఒకటి నిట్, ఒకటి జరుపు, రెండు నిట్. ఈ ఎనిమిది చుట్లే మళ్లీ మళ్లీ అల్లుతూ 25 సెంటీమీటర్లు వచ్చాక, పైన మళ్లీ ఆరు చుట్లు అంచు. చుట్టూ అల్లుతున్నాం కాబట్టి జరిపేటప్పుడు దారం ఎప్పుడూ మనకు అవతలే ఉంటుంది. ముదురు ఇటుకలు, లేత సున్నం. చుట్టుకొలత 60 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది.

ఉతికిన తర్వాత వేలాడదీయకండి, నీళ్ల బరువుకు జరిపిన కుట్లన్నీ సాగిపోతాయి. టవల్లో చుట్టి పిండి, మంచం మీద పరిచి, నీడన ఆరబెట్టండి. ఉతుకులు దసరా లోపే ముగించుకోండి. మన తీరాన అసలు వానలు ఆ తర్వాతే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ముందురోజు తెలివితక్కువగా రెండు ఊలు శాలువాలు నానబెట్టాను. ఐదు రోజులు ఫ్యాను కింద ఉన్నా ఆరలేదు, ఇల్లంతా తడిసిన మేక వాసన. మావారు ఇప్పటికీ ఏసీ బోగీలో ఆ శాలువా తీస్తే ముందు ఒకసారి వాసన చూసి గానీ కప్పుకోరు.